పాసు పుస్తకంలో ఏది మారుతుంది, ఏది మారదు: ట్యూన్‌టూఎఫ్ఎస్ మీద ఒక ప్రసంగం

(నెల్లూరులో ఒక ఆదివారం ఉదయం, చిన్న ఆఫీసుల్లో లైనక్స్ సర్వర్లు చూసుకునే వాళ్లూ డిప్లొమా విద్యార్థులూ కూర్చున్న సమావేశంలో, లైనక్స్ డిస్కుల సెట్టింగులు మార్చే ట్యూన్‌టూఎఫ్ఎస్ అనే పనిముట్టు గురించి చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది. తెర మీద కొట్టి చూపించిన కమాండ్లను వక్త నోటితో చదివినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకాల వినపడతా ఉందా? సరే. ఆ ఫ్యాను కొంచెం తగ్గించు నాయనా, మైకులో తుఫాను వచ్చినట్టు ఉంది.

ముందు ఈ తెర మీద ఉన్న మూడు అంకెలు చూడండి. ఇది డీఎఫ్ మైనస్ హెచ్ కొడితే వచ్చింది, డిస్కులో చోటు ఎంతుందో చూపే కమాండు అది. డిస్కు 4 టీబీ, లైనక్స్ లెక్కలో 3.6. వాడింది 3.4. మిగిలింది సున్నా. మూడు పాయింట్ ఆరులోంచి మూడు పాయింట్ నాలుగు తీసేస్తే సున్నా ఎట్ట వచ్చింది? ఒకటో తరగతి పిల్లోడిని అడిగినా తప్పు అంటాడు.

ఇది మన సముద్రం వైపు రొయ్యల వ్యాపారం చేసే ఒక ఆఫీసులో సర్వరు. ల్యాబ్ రిపోర్టులు, గుంటల ఫొటోలు, బిల్లులు అన్నీ అందులోనే. ఆరోజు పొద్దున్నే ఫోను చేశారు, బిల్లు పడటం లేదని. నేను పోయేసరికి ఓనరు గారు కుర్చీలో కూర్చుని ఒకటే మాట: "డిస్కు అమ్మినోడు మోసం చేశాడప్పా, తూకంలో కొట్టాడు." మన వైపు ఏది తగ్గినా ముందు కాటా మీదే అనుమానం కదా. (నవ్వులు)

ఎవరూ మోసం చేయలేదు. ఆ 0.2 డిస్కులోనే ఉంది. అది డెడ్ స్టోరేజీ.

మనకి ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. సోమశిల సామర్థ్యం 78 టీఎంసీలు అని పేపర్లో చదువుతాం. కానీ ఆ 78 మొత్తం కాలవలోకి రాదు. తూము మట్టం కింద కొంత నీళ్లు ఉంటాయి, లెక్కలో ఉంటాయి, రైతుకి అందవు. ఎక్స్‌ట్4 ఫైల్‌సిస్టమ్, అంటే లైనక్స్ డిస్కులో ఫైళ్లు సర్దిపెట్టే పద్ధతి, అది కూడా అట్టాగే. ఫార్మాట్ చేసేటప్పుడే నూటికి 5 పాళ్లు బ్లాకులు, అంటే డిస్కులో సరుకు పెట్టే గళ్లు, పక్కన పెట్టేస్తుంది. మామూలు యూజరుకి అవి అందవు. రూట్‌కి, అంటే సర్వరు మీద సర్వాధికారం ఉండే యూజరుకి, మాత్రం అందుతాయి. ఆరోజు బిల్లింగ్ సాఫ్ట్‌వేరు మామూలు యూజరు పేరు మీద నడుస్తా ఉంది కాబట్టి దానికి సున్నా కనపడింది.

ఎందుకు పెట్టారంటే, రెండు కారణాలు. డిస్కు నిండిపోయినా రూట్ పేరు మీద నడిచే సర్వీసులు లాగులు, అంటే ఏం జరిగిందో చెప్పే చిట్టీలు, రాసుకోవాలి, అడ్మిన్ లోపలికి వచ్చి చెత్త తీసేయగలగాలి. రెండోది, డిస్కు అంచు దాకా నిండితే కొత్త ఫైలుకి వరసగా చోటు దొరకదు, ముక్కలు ముక్కలుగా చెల్లాచెదురు అవుతుంది, స్పీడు పడిపోతుంది. రెండూ మంచి కారణాలే. కానీ ఎక్స్‌ట్2 వచ్చింది 1993లో. అప్పట్లో డిస్కు అంటే కొన్ని వందల ఎంబీలు. 500 ఎంబీలో 5 శాతం అంటే 25 ఎంబీ, ఎవరికీ నొప్పి లేదు. ఇప్పుడు 4 టీబీలో అదే 5 శాతం అంటే 200 జీబీ. అంకె మారలేదు, డిస్కు మారింది.

ఇక మన పనిముట్టు. పేరు ట్యూన్‌టూఎఫ్ఎస్. ఈ2ఎఫ్ఎస్‌ప్రాగ్స్ అనే ప్యాకేజీలో వస్తుంది, చాలా ఏళ్లుగా దాన్ని చూసుకునేది థియోడర్ సో. ఎక్స్‌ట్2, 3, 4 మూడింటికీ పనికొస్తుంది. ఆరోజు నేను కొట్టింది ఇంతే: సుడో, ట్యూన్‌టూఎఫ్ఎస్, మైనస్ చిన్న ఎమ్, ఒకటి, తర్వాత డిస్కు పేరు. ఎంటరు. రెప్పపాటులో అయిపోయింది. డిస్కు తీయలేదు, మౌంటు, అంటే డిస్కుని సిస్టమ్ వాడకానికి తగిలించి ఉంచడం, అదీ ఊడదీయలేదు, సర్వరు ఆపలేదు. మిగిలింది సున్నా ఉన్న చోట దాదాపు 150 జీబీ కనపడింది. ఓనరు గారు నన్ను మంత్రగాణ్ణి చూసినట్టు చూశాడు.

(ప్రేక్షకుల్లోంచి: "డబ్బులు ఎక్కువ ఇచ్చుంటాడు సార్.")

అరగంట పనికి అరగంట డబ్బులే. పైగా "ఒక నిమిషం పనే కదా" అన్నాడు. (నవ్వులు)

ఒక నిమిషం కూడా ఎందుకు పట్టలేదో చెప్తే ఈ పనిముట్టు మొత్తం అర్థమైపోతుంది. మీ అందరి ఇళ్లలో పట్టాదారు పాసు పుస్తకం ఉంటుంది. పొలం ఎక్కడో ఉంటుంది, పుస్తకం బీరువాలో ఉంటుంది. పుస్తకంలో పేరు మార్పించొచ్చు, ఫొటో మార్పించొచ్చు, లోను రాయించొచ్చు, కొట్టేయించొచ్చు. ఏం రాసినా పొలం గట్టు అంగుళం జరగదు. ఫైల్‌సిస్టమ్‌కి కూడా అట్టాంటి పుస్తకం ఉంది, దాన్ని సూపర్‌బ్లాక్ అంటారు. పార్టిషన్, అంటే డిస్కులో విడగొట్టిన భాగం, దాని మొదలు నుంచి 1024 బైట్లు వదిలేసి, ఆ తర్వాత ఇంకో 1024 బైట్లు. అంతే దాని సైజు. మీ వాట్సాప్ స్టిక్కరు దానికన్నా పెద్దది. బ్లాకులెన్ని, ఐనోడ్లు, అంటే ఒక్కో ఫైలు వివరాలు రాసే చీటీలు, ఎన్ని, రిజర్వు ఎంత, పేరేంటి, ఎన్నిసార్లు మౌంటయింది, చివరగా చెకింగు ఎప్పుడు జరిగింది, తప్పు కనపడితే ఏం చేయాలి, అన్నీ అందులోనే. ట్యూన్‌టూఎఫ్ఎస్ ముఖ్యంగా ఆ పుస్తకంలో రాసే గుమస్తా. అందుకే కొన్ని పనులు రెప్పపాటులో అయిపోతాయి, కొన్ని అసలు కావు. పుస్తకంలో గీతతో పోయేది అవుతుంది. గట్టు జరపాల్సి వస్తే కాదు, లేకపోతే మౌంటు ఊడదీసి గంటలు కూర్చోవాలి.

పుస్తకం చదవడం నేర్చుకోండి ముందు. మైనస్ చిన్న ఎల్. ఇది ఏదీ మార్చదు, చూపిస్తుంది అంతే. పెద్ద ఎల్ వేరు, అది డిస్కుకి లేబుల్ పెట్టేది, 16 అక్షరాల దాకా. ఈ రెంటినీ కలిపేసుకోవద్దు. చిన్న ఎల్ కొట్టబోయి పెద్ద ఎల్ కొట్టి, డిస్కు అడ్రసునే ఇంకో డిస్కుకి లేబుల్‌గా పెట్టిన మహానుభావుడు మా ఆఫీసులోనే ఒకడున్నాడు, పేరు చెప్పను, నాకు అతను చాలా కావలసినవాడు. (నవ్వులు)

మార్చబోయే ముందు ఆ చిన్న ఎల్ ఇచ్చిన పేజీ మొత్తం ఒక ఫైల్లోకి పంపి దాచండి, వేరే డిస్కులో. రేపు పొద్దున "ముందు ఎంత ఉండేది?" అని ఎవరన్నా అడిగితే గుర్తుండదు.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. ఆ రొయ్యల ఆఫీసులో దొరికిన పొగడ్త తలకెక్కింది. ఆ నెలలో ఎక్కడికి పోతే అక్కడ మైనస్ ఎమ్. ఇంకోచోట, పేరు వద్దు, సర్వర్లో సిస్టమ్ ఉండే రూట్ పార్టిషనే 40 జీబీ. దాని మీద కూడా మైనస్ ఎమ్ సున్నా కొట్టాను. 2 జీబీ దొరికింది, దానికేదో గని దొరికినంత సంబరం. మూడు నెలలకి ఏదో ప్రోగ్రాము లాగు రాస్తా రాస్తా డిస్కు నింపేసింది. ఈసారి డెడ్ స్టోరేజీ లేదు. రూట్‌కీ సున్నా, అందరికీ సున్నా. డేటాబేసు లేవదు. సిస్టమ్ లాగు ఆగిపోయింది, అంటే ఏం జరిగిందో చెప్పేవాడు కూడా నోరు మూసుకున్నాడు. లోపలికి పోయి ట్యాబ్ నొక్కితే కమాండ్లు తీసుకునే బ్యాష్ తాత్కాలిక ఫైలు రాసుకోను చోటు లేదని గొణుగుతా ఉంది. చివరికి పాత లాగులు చెరిపి బయటపడ్డాం అనుకోండి. కానీ అక్కడ తప్పు ఆ ప్రోగ్రాముది కాదు, నాది.

కాబట్టి నా పద్ధతి ఇప్పుడు ఇది. రూట్ పార్టిషన్, లాగులుండే పార్టిషన్ జోలికి పోను, 5 శాతం 5 శాతమే. ఉత్త డేటా డిస్కు, అందులో సినిమాలో సీసీ కెమెరా రికార్డింగులో ఉంటే 1 పెడతాను. పాయింట్ ఐదు అని కూడా పెట్టొచ్చు, తీసుకుంటుంది. శాతం కాకుండా లెక్కగా ఇన్ని బ్లాకులు అని చెప్పాలంటే చిన్న ఆర్. రూట్‌తో పాటు ఇంకో యూజరుకి కూడా ఆ రిజర్వు అందాలంటే చిన్న యూ ఉంది, గ్రూపుకి చిన్న జీ. నేను ఇరవై ఏళ్లలో ఒకసారి వాడానేమో.

మన ఊళ్లలో బాగా అక్కరకొచ్చే సంగతి ఇంకోటి. కరెంటు. 2023 డిసెంబర్లో మిగ్‌జాం తుఫాను వచ్చింది చూడండి, అప్పుడు కరెంటు ఎప్పుడు పోయిందో ఎప్పుడు వచ్చిందో లెక్కే లేదు. ఇన్వర్టరు చచ్చింది, సర్వరు దభీమని పడింది, లేచింది, మళ్లీ పడింది. అయినా ఎక్కువ డిస్కులు బతికే ఉన్నాయి, కారణం జర్నల్. జర్నల్ అంటే మన షావుకార్ల చిట్టా. బేరం జరగ్గానే చిట్టాలో రాసేవాళ్లు, తీరిగ్గా ఆవర్జాలోకి ఎక్కించేవాళ్లు. మధ్యలో దీపం ఆరిపోయినా పొద్దున చిట్టా చూసి ఆవర్జా సరిచేసుకోవచ్చు. ఎక్స్‌ట్3తో 2001లో ఈ చిట్టా లైనక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్లోకి వచ్చింది. అప్పుడు ఎక్స్‌ట్2 డిస్కుల్ని కదిలించకుండా, ఫార్మాట్ లేకుండా, ట్యూన్‌టూఎఫ్ఎస్ మైనస్ చిన్న జే అని కొడితే ఎక్స్‌ట్3 అయిపోయేవి. మౌంటయి ఉండగా కొడితే డిస్కు పైభాగంలో డాట్ జర్నల్ అని ఒక ఫైలు కనపడేది. దాన్ని చూసి ఇదేదో వైరస్ అని చెరపబోయి, చెరగక, నాకు ఫోన్లు చేసినోళ్లు ఉన్నారు.

ఒక మాట గుర్తుంచుకోండి. మామూలుగా ఆ చిట్టాలో ఫైల్‌సిస్టమ్ తన లెక్కలే రాసుకుంటుంది, మీ ఎక్సెల్ షీట్లో సరుకు కాదు. కరెంటు పోయినాక డిస్కు బాగుంది, ఫైల్లో సగం లేదు అంటే ఆశ్చర్యపోవద్దు. యూపీఎస్ బ్యాటరీ మార్చండి.

చిట్టా వేరు, పూర్తి తనిఖీ వేరు. ఈ తనిఖీతో నాకొక సోమవారం గుర్తుంది. పాత రోజుల్లో ఫార్మాట్ చేసేటప్పుడే ఇరవైకీ నలభైకీ మధ్య ఒక అంకె పడేది, అన్నిసార్లు మౌంటయితే, లేదా 180 రోజులు దాటితే, బూటవుతానే పూర్తి తనిఖీ. అన్ని డిస్కులూ ఒకేరోజు తనిఖీకి రాకుండా ఆ అంకె కొంచెం అటూ ఇటూ వేసేవాళ్లు, తెలివైన పనే. కానీ మన కరెంటు సంగతి వాళ్లకేం తెలుసు? రోజుకి రెండుసార్లు పోతే రెండు వారాల్లో దాదాపు ముప్ఫై మౌంట్లు అయిపోతాయి. ఒకచోట బిల్లింగు కౌంటరు, సోమవారం, బయట జనం లైన్లో ఉన్నారు. ఎక్స్‌ట్3 డిస్కు, 2 టీబీ. కరెంటు వచ్చింది, సర్వరు లేచింది, తెర మీద ఒక లైను: తనిఖీ లేకుండా 33 సార్లు మౌంటయింది, కాబట్టి ఇప్పుడు తప్పనిసరి. ఇక చూడండి, ఒకటి శాతం, రెండు శాతం. అట్టా మధ్యాహ్నం అన్నం వేళ దాకా. నడిమధ్యలో ఆపడానికి నాకు ధైర్యం లేదు, లైన్లో వాళ్లకి చెప్పడానికి మాటల్లేవు.

దీన్ని మార్చేది చిన్న సీ, చిన్న ఐ. సీ మౌంట్ల లెక్క, ఐ రోజుల లెక్క. సీకి మైనస్ ఒకటి, ఐకి సున్నా ఇస్తే తనంతట తాను తనిఖీకి దిగదు. 2011లో వచ్చిన 1.42 వెర్షన్ నుంచి కొత్తగా ఫార్మాట్ చేసే డిస్కులకి మామూలుగానే ఇది ఆపేసి ఉంటుంది. మీరిప్పుడు చిన్న ఎల్ కొట్టి చూడండి, మాక్సిమమ్ మౌంట్ కౌంట్ ఎదురుగా మైనస్ ఒకటి అనే ఉంటుంది. నన్నడిగితే ఆపేయడం మంచిదే, కానీ ఆపేసి మర్చిపోవడం వేరే సంగతి. నేను ఆపేసిన ప్రతిచోటా సంవత్సరానికి ఒక ఆదివారం రాసుకున్నాను. ఆరోజు మౌంటు తీసి, తనిఖీ చేసే ఈ2ఎఫ్ఎస్‌సీకే మైనస్ ఎఫ్ పెడతాను. ఇంకోటి, ఏ డిస్కు ఎక్కడ మౌంటవ్వాలో రాసుండే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలు లైన్లో ఆరో అంకె సున్నా ఉంటే మీరు ఇక్కడ ఏం పెట్టినా బూటులో తనిఖీ జరగదు. ఆ రెండూ కలిపి చూడాలి.

తప్పు దొరికినప్పుడు ఏం చేయాలో చెప్పేది చిన్న ఈ. మూడు మాటలే: కంటిన్యూ, రీమౌంట్ ఆర్ఓ, ప్యానిక్. మామూలుగా కంటిన్యూ ఉంటుంది. అంటే గోడకి పగులు కనపడినా ఇంకో అంతస్తు కట్టుకుంటా పో అన్నట్టు. నాకు నచ్చదు. డేటా డిస్కు అయితే రీమౌంట్ ఆర్ఓ పెడతాను. తప్పు కనపడగానే రాయడం ఆపేస్తుంది, చదవడానికి మాత్రం ఇస్తుంది. ఆఫీసులో గోల అవుతుంది నిజమే, గోల కావాలనే అది.

(ప్రేక్షకుల్లోంచి ఒక అమ్మాయి: "సార్, ఐనోడ్లు అయిపోతే దీంతో పెంచుకోవచ్చా?")

బాగా అడిగావమ్మా, నేను అక్కడికే వస్తున్నా. పెంచుకోలేం. ఇదే గట్టు. ఫార్మాట్ చేసినప్పుడు మామూలుగా 16 కేబీకి ఒక ఐనోడ్ లెక్కన వేస్తుంది, 1 టీబీకి ఆరు కోట్లు పైన. ఒక్కో ఫైలుకి ఒక్కోటి. మామూలు పనికి అయిపోవు. కానీ ఒక ఆఫీసులో ఏం జరిగిందంటే, ఎవరో పుణ్యాత్ముడు 1 టీబీ డిస్కుని కెమెరా రికార్డింగుల కోసమని మైనస్ పెద్ద టీ లార్జ్‌ఫైల్4 అని ఫార్మాట్ చేశాడు. అంటే 4 ఎంబీకి ఒక ఐనోడ్. మొత్తం కలిపి రెండున్నర లక్షల లోపు. కెమెరా ఫైళ్లకి అది బ్రహ్మాండంగా సరిపోతుంది, చోటు కలిసొస్తుంది. తర్వాత కెమెరాలు తీసేసి, ఆ డిస్కులోనే స్కాన్ చేసిన రసీదులు పెట్టడం మొదలుపెట్టారు. ఒక్కో రసీదు 60, 70 కేబీ. ఒకరోజు "చోటు లేదు" అని వచ్చింది. డీఎఫ్ చూస్తే డిస్కులో నూటికి 98 పాళ్లు ఖాళీ! అప్పుడు డీఎఫ్ మైనస్ చిన్న ఐ కొట్టాలి. కొడితే ఐనోడ్లు నూటికి నూరు అయిపోయున్నాయి. బండి నిండా సీట్లు ఖాళీ, టిక్కెట్ల పుస్తకం అయిపోయింది. కండక్టరు ఏం చేస్తాడు?

ట్యూన్‌టూఎఫ్ఎస్ దగ్గర దీనికి మందు లేదు. డిస్కు మీద ఐనోడ్ల పట్టికలకి చోటు ఫార్మాట్ రోజే గీసేశారు. బ్లాకు సైజు కూడా అంతే, 4096 అంటే 4096. సరుకంతా వేరే డిస్కుకి తీసి, మళ్లీ ఫార్మాట్ చేసి, మళ్లీ తెచ్చాం. రాత్రంతా పట్టింది.

ఐనోడ్ల సంఖ్య మారదు గానీ, ఐనోడ్ సైజు కొన్నిచోట్ల మారుతుంది. పాత డిస్కుల్లో ఒక్కో ఐనోడ్ 128 బైట్లు. అందులో తేదీ దాచడానికి చోటు తక్కువ, 2038 జనవరి 19 దాటితే అంకె పొర్లిపోతుంది. 256 బైట్లు ఉంటే 2446 దాకా దిగుల్లేదు. చిన్న చిన్న బూట్ పార్టిషన్లలో ఇప్పటికీ 128 కనపడుతుంది, కెర్నల్ బూటులో హెచ్చరిస్తుంది కూడా. మైనస్ పెద్ద ఐ 256 అని పెంచొచ్చు, మౌంటు తీసి. అయితే ఫ్లెక్స్ బీజీ అనే ఫీచరు ఉన్న డిస్కు మీద ఒప్పుకోదు, ఎక్స్‌ట్4గా పుట్టిన డిస్కుల్లో ఎక్కువగా అది ఉంటుంది. బూట్ పార్టిషన్ అయితే నేను పెంచడం మానేసి ఫార్మాటే చేసేస్తాను, ఉండేది నాలుగు ఫైళ్లు.

పెద్ద ఓ అని ఒకటుంది, ఫీచర్లు పెట్టేది, తీసేది. టోపీ గుర్తు ముందు పెడితే తీసేయడం. దీని దగ్గర మాత్రం మౌంటు తీయకుండా చేయి పెట్టొద్దు. మెటాడేటా సీసమ్, అంటే ఫైల్‌సిస్టమ్ లెక్కల్లో తప్పు పట్టే సరిచూపు అంకెలు, పెట్టాలంటే డిస్కు మీద ఉన్న లెక్కల పేజీలన్నీ తిరగరాయాలి, ముందు తనిఖీ చేసుకురమ్మని అదే వెనక్కి పంపుతుంది. పంపితే విసుక్కోవద్దు.

యూయూఐడీ, అంటే ఫైల్‌సిస్టమ్‌కి ఉండే గుర్తింపు నంబరు, దాని సంగతి ల్యాబ్ అసిస్టెంట్లకి. నలభై సిస్టాలు ఒకే డిస్కు నుంచి డీడీ అనే కమాండుతో కాపీ కొట్టి పెడతారు. నలభై డిస్కులకీ ఒకే యూయూఐడీ, ఒకే ఆధారు నంబరుతో నలభై మంది. ఎవరింట్లో వాళ్లుంటే గొడవ లేదు. ఏదో ఫైలు కావాలని రెండు డిస్కులు ఒకే సిస్టానికి తగిలిస్తారు చూడండి, అప్పుడు మౌంటయ్యేది ఇదో అదో ఎవరికీ తెలియదు. ఒకదానికి మైనస్ పెద్ద యూ ర్యాండమ్ కొట్టండి, కొత్త నంబరు వస్తుంది. కానీ బూటయ్యే డిస్కుకి మారిస్తే ఎఫ్ఎస్‌ట్యాబ్‌లోనూ, బూటు మొదలుపెట్టే గ్రబ్‌లోనూ మార్చాలి. మార్చకుండా రీస్టార్ట్ చేస్తే సొంత ఇంటికొచ్చి తలుపు కొడితే "మీరెవరు" అన్నట్టు ఉంటుంది.

(ఒక పెద్దాయన: "పొరపాటున ఏదన్నా మారిస్తే వెనక్కి తిప్పుకునే దారి ఉందా బాబూ?")

ఉందండీ. మైనస్ చిన్న జెడ్ అని ఒక ఫైలు పేరు ఇస్తే, తను మార్చబోయే బ్లాకుల పాత రూపాన్ని అందులో దాచి పెడుతుంది. తర్వాత ఈ2అన్‌డూ అనే ఇంకో పనిముట్టుతో వెనక్కి. ఆ ఫైలు మాత్రం వేరే డిస్కులో ఉండాలి. సూపర్‌బ్లాకే పాడైందనుకోండి, దానికీ నకళ్లు ఉన్నాయి. అడంగల్ ఒకటి వీఆర్‌ఓ దగ్గర, ఒకటి ఎమ్మార్వో ఆఫీసులో ఉన్నట్టు. 4 కేబీ బ్లాకులైతే మొదటి నకలు 32768వ బ్లాకులో, తర్వాతది 98304లో. ఈ2ఎఫ్ఎస్‌సీకే మైనస్ చిన్న బీ 32768 అంటే ఆ నకలు చూసి బాగుచేస్తుంది. ఈ ఒక్క నంబరు గోడ మీద రాసి పెట్టుకోండి.

(ఇంకొకరు: "మాది ఎక్స్ఎఫ్ఎస్ సార్.")

అది ఇంకో రకం ఫైల్‌సిస్టమ్. అయితే మీ గుమస్తా వేరు, ఎక్స్ఎఫ్ఎస్ అడ్మిన్ అంటారు. లేబుల్, యూయూఐడీ లాంటివి మారుస్తుంది, లేబుల్ 12 అక్షరాలే. ఒకే యూయూఐడీ రెండు డిస్కులకి ఉంటే ఎక్స్ఎఫ్ఎస్ రెండోదాన్ని మౌంటే చేయనంటుంది. చాదస్తం అనుకుంటారు గానీ నాకు ఆ చాదస్తం నచ్చుద్ది. రూట్ కోసం 5 శాతం అనే లెక్క అక్కడ లేదు, కాబట్టి ఎమ్ కోసం వెతకొద్దు.

(వెనక నుంచి ఒక కుర్రాడు: "సార్, ఇప్పుడే ఫోన్లో మా ఆఫీసు సర్వరుకి పోయి చిన్న ఎల్ కొట్టాను. ఫైల్‌సిస్టమ్ స్టేట్ ఎదురుగా క్లీన్ విత్ ఎర్రర్స్ అని ఉంది.")

ఇంకేం కొట్టలేదు కదా? మంచిది. కింద ఫస్ట్ ఎర్రర్ టైమ్ అని ఉంటుంది, ఎప్పుడు?

("పోయిన నెల సార్.")

నెల నుంచి కంటిన్యూ, కంటిన్యూ అని పోతా ఉందన్నమాట. బ్యాకప్ ఉందా?

("ఉన్నట్టే ఉంది సార్.")

ఉన్నట్టే ఉందంటే ముందు అది తెరుచుకుంటదో లేదో చూడాలి. ఫోన్లోంచి ఏమీ మార్చొద్దు, మౌంటు మీద ఎఫ్ఎస్‌సీకే అసలు వద్దు. మీ సార్‌కి ఫోను చేసి ఈరోజు సాయంత్రం రెండు గంటలు సర్వరు ఆపాలని చెప్పు. టీ వచ్చినట్టుంది, అందరూ తీసుకోండి. నువ్వు మాత్రం ఆ ఫోను తీసుకుని ఇటు రా.